ఉత్తర తెలంగాణలో అరుదైన పూల మొక్కల అన్వేషణ, సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ మొదలుకొని ఆదిలాబాద్ వరకు గుట్టలూ అడవులూ తిరిగే విద్యార్థులు, ఉపాధ్యాయులు, పక్షులను చూడబోయి మొక్కల మీద మనసు పడినవారు, పసరు మందు తెలిసిన ఊరి పెద్దలు పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. కొన్నింటికి రెండు మాటల్లో జవాబు సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు.

మన అడవుల్లో నిజంగా అరుదైన పూల మొక్కలు ఉన్నాయా? అవన్నీ పశ్చిమ కనుమల్లో, హిమాలయాల్లో కదా ఉండేది?

ఈ భూమి మీద మరెక్కడా లేని జాతుల సంఖ్యలో పశ్చిమ కనుమలతో మనం పోటీ పడలేము, ఆ మాట ఒప్పుకోవలసిందే. మనది ఎక్కువగా ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, ఏగిస వంటి చెట్లు మధ్య భారతమంతటా ఉన్నవే. అయితే చెట్ల వరకే చూసి అడవిని అంచనా వేయడం వల్లనే ‘ఇక్కడ కొత్తగా చూడవలసిందేమీ లేదు’ అన్న అభిప్రాయం స్థిరపడింది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్, గోదావరి వెంబడి ఇసుకరాతి గుట్టలు, హనుమకొండ చుట్టూ ఉన్న నల్లరాతి బండలు, కాకతీయుల నాటి చెరువుల శిఖం భూములు, ఇవన్నీ వేర్వేరు నివాసాలు. ఒక్కొక్క దానిలో నేలను అంటిపెట్టుకొని పెరిగే చిన్న మొక్కలు, దుంప మొక్కలు, నేల ఆర్కిడ్‌లు, నీటి మొక్కలు వేరువేరుగా ఉంటాయి. అరుదైనవి ఎక్కువగా ఈ చిన్నవాటిలోనే ఉంటాయి. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే నేల మీద కనిపించే మొక్కను ఎండాకాలంలో సర్వే చేసి లేదని రాస్తే, అది ఆ మొక్క లోపం కాదు.

‘అరుదైనది’, ‘అంతరించిపోతున్నది’, ‘స్థానీయమైనది’ అనే మాటలన్నీ ఒకటేనా?

ఒకటి కాదు. వీటిని కలిపేయడం వల్ల వార్తల్లోనూ, కొన్ని ప్రాజెక్టు నివేదికల్లోనూ చాలా గందరగోళం ఏర్పడుతోంది. స్థానీయ జాతి అంటే ఒక పరిమిత ప్రాంతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగనిది. అరుదైనది అంటే సంఖ్యలోనో, విస్తృతిలోనో తక్కువగా ఉండేది. అటువంటి మొక్క వేల ఏళ్లుగా అలా తక్కువగానే ఉంటూ నిశ్చింతగా బతుకుతూ ఉండవచ్చు. అంతరించిపోతున్నది అంటే ముప్పు వల్ల తగ్గుతూ వస్తున్నది. శేషాచలం కొండల ఎర్రచందనం అక్కడ పెద్ద సంఖ్యలోనే కనిపించే చెట్టు అయినా, దొంగ నరికివేత వల్ల అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య, అంటే ఐయూసీఎన్, దానిని ‘ప్రమాదంలో ఉన్న’ జాతిగా వర్గీకరించింది. మన అడవుల్లోని జిట్రేగి ఆ జాబితాలో దాని కింది మెట్టయిన ‘ముప్పుకు లోనైన’ జాతి, ఏగిస ‘ముప్పుకు చేరువైన’ జాతి.

1964 నుంచి నడుస్తున్న ఈ రెడ్ లిస్ట్ వర్గీకరణ ఎవరి అభిప్రాయం మీదనో ఆధారపడదు. పునరుత్పత్తికి సిద్ధమైన మొక్కలు ప్రపంచం మొత్తం మీద 50 కంటే తక్కువ ఉంటే అది ‘తీవ్ర ప్రమాదంలో ఉన్న’ జాతి, 250 కంటే తక్కువ ఉంటే ‘ప్రమాదంలో ఉన్న’ జాతి, 1,000 కంటే తక్కువ ఉంటే ‘ముప్పుకు లోనైన’ జాతి అవుతుంది. సంఖ్య తెలియనప్పుడు విస్తృతిని బట్టి కూడా లెక్కిస్తారు: మొక్క దొరికిన చోట్లన్నింటినీ చుట్టి గీత గీస్తే వచ్చే వైశాల్యం 100 చదరపు కిలోమీటర్లకు లోపు, 5,000కు లోపు, 20,000కు లోపు అన్నవి వరుసగా ఆ మూడు మెట్లకు హద్దులు. అయితే వైశాల్యం తక్కువగా ఉండటం ఒక్కటే చాలదు; ఆ జాతి ముక్కలు ముక్కలుగా విడిపోయి లేదా కొద్ది చోట్లకే పరిమితమై ఉండటం, తగ్గుతూ ఉండటం, సంఖ్యలో విపరీతమైన హెచ్చుతగ్గులు ఉండటం అన్నవాటిలో కనీసం రెండు కూడా చూపించాలి. ఒక జిల్లాలో కనిపించడం మానేసినంత మాత్రాన ఒక జాతిని ‘అంతరించింది’ అనకూడదు; ఆ జిల్లాలో కనిపించడం లేదని మాత్రమే అనాలి.

వెతకడానికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

అడవికి ఒక్కసారి వెళ్లి వచ్చి ఆ అడవి తెలిసిందనుకోవడం కుదరదు కాబట్టి, ఒకే చోటికి వేర్వేరు కార్తెలలో వెళ్లడం అన్నింటికంటే ముఖ్యం. మృగశిరలో తొలి వానలు పడిన రెండు మూడు వారాలకు దుంప మొక్కలు, నేల ఆర్కిడ్‌లు లేస్తాయి. శ్రావణ భాద్రపదాలలో బండల మీద నీటి గుంటల్లోనూ, పలచని మట్టి పొరల్లోనూ గుల్మాలు, అంటే మెత్తని కాండం గల చిన్న మొక్కలు, పూస్తాయి. చెరువు నీరు వెనక్కి జరిగేటప్పుడు, అంటే చలికాలం చివర, శిఖంలో తడి నేల మొక్కలు కనిపిస్తాయి. ఫాల్గుణంలో అడవి ఆకు రాల్చి మోడై ఉన్నప్పుడు మోదుగ, బూరుగ, తపసి వంటి చెట్ల పూత దూరం నుంచే తెలుస్తుంది.

దగ్గరగా చూడదగిన ఉదాహరణగా సిరోపీజియా ప్రజాతిని, అంటే ఆ పేరు గల దగ్గరి జాతుల గుంపును, చెప్పుకోవచ్చు. ఎండాకాలమంతా నేలలో దుంపగా ఉండి, వానలకు దారం వంటి తీగతో పైకి వచ్చి, పొదలను అల్లుకొని, కొద్ది వారాలలో పూసి కాసి మళ్లీ నేలలోకి వెళ్లిపోతుంది. దాని పువ్వు అడుగున ఉబ్బి, పైన సన్నని గొట్టమై, చివర అయిదు రేకులు కొసలు కలిపి చిన్న లాంతరులా ఉంటుంది. వాసనకు వచ్చిన చిన్న ఈగ గొట్టంలోకి జారితే, లోపల కిందికి వాలి ఉన్న నూగు దానిని పైకి రానివ్వదు. మర్నాటికి ఆ నూగు వాడిపోయి, పువ్వు పక్కకు వాలి, ఈగ పుప్పొడి ముద్దను మోసుకుంటూ బయటపడుతుంది. ఆకులు మాత్రమే ఉన్నప్పుడు దీనిని పొదలోని మరే తీగ నుంచైనా వేరు చేయడం కష్టం. పూసిన ఆ కొద్ది రోజులలో అక్కడ ఉంటేనే ఇది సిరోపీజియా అని తెలుస్తుంది, అందులో ఏ జాతి అన్నది తేల్చడం మొదలవుతుంది. పశువుల కాపరులకు ఇటువంటి దుంపలు చాలా వరకు తెలుసు, తవ్వి తింటారు కూడా. అందువల్ల అన్వేషణ బండ మీద కంటే ముందు వారితో మాటల్లో మొదలుకావడం మంచిది.

చోటు విషయానికి వస్తే, దట్టమైన అడవి ఒక్కటే వెతకదగిన జాగా అనుకోవద్దు. గుట్ట మీది బోడు బండ, వాగు ఒడ్డున ఎప్పుడూ చెమ్మ ఆరని నీడ, గుడి చుట్టూ ఎవరూ గొడ్డలి పెట్టని చెట్ల గుంపు, ఇవన్నీ వెతకదగినవే. మంగపేట దగ్గరి మల్లూరు గుట్టలో మందు మొక్కలు ఎక్కువని ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకోవడంలో అక్కడి దేవుని మీద భక్తికీ, ఎండాకాలంలోనూ ఎండని నీటి ధారకూ కూడా వాటా ఉంది.

ఇంతవరకు చూడని మొక్క కనిపిస్తే ముందుగా ఏం చేయాలి?

చేతులు కట్టుకొని చుట్టూ చూడాలి. అటువంటివే మరికొన్ని ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి, ఎంత మేర విస్తరించాయి అన్నది తెలియకుండా మొక్కను ముట్టుకోరాదు. ఆ తరువాత ఫొటోలు: మొక్క మొత్తం, కాండం మీద ఆకుల అమరిక, ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు ఎదురుగా, పక్కగా, వెనుక నుంచి, వీలైతే కాయ, పక్కన ఒక స్కేలు. పువ్వును ఒక్క వైపు నుంచే అందంగా తీసిన ఫొటోతో జాతిని తేల్చలేక నిపుణులు తల పట్టుకోవడం తరచుగా జరుగుతుంది. రక్షక పత్రాలు, పువ్వు వెనుక భాగం కనిపించకపోవడమే అందుకు కారణం. తేదీ, సమయం, జీపీఎస్ స్థానం, ఎత్తు, నేల రకం, పక్కనున్న మొక్కలు, పువ్వు రంగు, వాసన, పాలు కారతాయా లేదా అన్నవి అక్కడికక్కడే పుస్తకంలో రాసుకోవాలి. ఇంటికి వెళ్లాక రాస్తే కుదరదు. ఆ ఊరివారు దానిని ఏమంటారో, కోయలు, గోండులు, నాయకపోడ్‌లు ఏమంటారో వారి నోటి మాట ఉన్నదున్నట్లు రాసుకోవాలి. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో పని చేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ తాను వర్ణించిన మొక్కలకు తెలుగు పేర్లు కూడా జాగ్రత్తగా నమోదు చేశాడు. నేటికీ ఆయన వర్ణించిన మొక్కను పోల్చుకోవడానికి ఆ పేర్లు అక్కరకు వస్తున్నాయి.

ఫోన్‌లో యాప్ పేరు చెబుతోంది కదా, అది చాలదా?

మోదుగకూ, తంగేడుకూ చాలుతుంది. అరుదైన మొక్కకు చాలదు, ఎందుకంటే యాప్ తనకు ఎక్కువగా చూపించిన ఫొటోల నుంచి నేర్చుకుంటుంది, అరుదైన మొక్కకు ఫొటోలే ఉండవు. అది దగ్గరి బంధువు పేరు చెప్పి, తప్పు అన్న అనుమానమైనా రానివ్వదు. ప్రజాతి వరకు దారి చూపే సాధనంగా వాడుకోవచ్చు.

నమూనా సేకరించవచ్చా? హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట, పెట్టే షీటు ఎలా తయారు చేస్తారు?

అభయారణ్యంలోనూ, పులుల అభయారణ్యంలోనూ అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఆకు కూడా తెంపరాదు. రిజర్వు అడవిలోనూ అనుమతి అవసరమే. అనుమతి ఉన్నప్పుడు కూడా క్షేత్ర పరిశోధకులు పాటించే ఒక ఆనవాయితీ ఉంది: కనీసం ఇరవై మొక్కలు కనిపిస్తే తప్ప ఒక్కటి తీయకూడదు. అంతకంటే తక్కువ ఉన్నచోట ఫొటోలు, కొలతలు, అవసరమైతే ఒక కొమ్మ, ఒక పువ్వు చాలు. దుంపను నేలలోనే వదిలేయాలి. పరిశోధన పేరుతో చివరి మొక్కను పత్రికల మధ్య అదిమిపెట్టడం నరికివేత కంటే మెరుగైన పనేమీ కాదు.

నమూనాను పాత పత్రికల మధ్య పరచి, ఒక ఆకును తిప్పి అడుగుభాగం కనిపించేలా పెట్టి, ఒక పువ్వును విప్పి పరచి, చెక్క ప్రెస్‌లో బిగిస్తారు. మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. మన వానాకాలపు చెమ్మలో రోజుకు రెండుసార్లు మార్చకపోతే బూజు పడుతుంది, ఆకులు నల్లబడి రాలిపోతాయి. సిరోపీజియా వంటి గొట్టపు పువ్వు అదిమితే రూపం కోల్పోతుంది కాబట్టి, ఒకటి రెండు పువ్వులను 70 శాతం ఆల్కహాల్‌లో వేసి ఉంచాలి. డీఎన్‌ఏ పరీక్షకు ఒక లేత ఆకు ముక్కను సిలికా జెల్‌లో వేసి త్వరగా ఆరబెట్టాలి. ఎండిన మొక్కను 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల దళసరి షీటు మీద కుట్టి లేదా అంటించి, కుడివైపు కింది మూలలో లేబుల్ అతికిస్తారు. పూర్వం పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచేవారు. అది విషం కాబట్టి పాత షీట్లను ఉత్త చేతులతో తాకి, ఆ చేతులతో తినకూడదు. ఇప్పుడు లోతైన ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచడం మేలైన పద్ధతి. లేబుల్ లేని షీటుకు విలువ లేదు, ఎంత అందంగా ఎండినా సరే.

కాకతీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల్లోనూ, హైదరాబాద్‌లోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోనూ హెర్బేరియంలు ఉన్నాయి. సొంత బీరువాలో దాచుకున్న నమూనా ఎవరికీ పనికిరాదు. ఇటువంటి చోట జమ చేసి సంఖ్య వేయించినప్పుడే మరొకరు వచ్చి సరిచూడగలుగుతారు.

అది కొత్త జాతి అని ఎవరు, ఎలా తేలుస్తారు?

ఏ కార్యాలయమూ ప్రకటించదు. అచ్చయిన ఆధారమే తేలుస్తుంది. పూల మొక్కల పేర్లకు 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ప్రచురించిన గ్రంథం ఆరంభం. ఆనాటి నుంచి ఆ ప్రజాతిలో వర్ణించిన జాతులన్నింటితో, వాటి మూల నమూనాలతో, అంటే ఆ పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన నమూనాలతో, మన మొక్కను పోల్చి, తేడా కొమ్మకూ కొమ్మకూ మారే తేడా కాదనీ, మొక్క తరువాత మొక్కలో నిలకడగా ఉన్నదనీ చూపించాలి. మూల నమూనాలలో చాలా వరకు లండన్, అక్కడి క్యూ ఉద్యానవనం, కోల్‌కతా, హౌరాలలో ఉన్నాయి. ఇప్పుడు వాటి చిత్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నందువల్ల వరంగల్‌లో కూర్చొని కూడా ఈ పని చాలా వరకు చేయవచ్చు. అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం ఒక నమూనాను మూల నమూనాగా పేర్కొని, అది ఏ హెర్బేరియంలో ఉందో చెప్పి, లాటిన్‌లో గానీ, 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్‌లో గానీ వర్ణన ప్రచురించాలి. అదే తేదీ నుంచి ఆన్‌లైన్ పత్రికలో వచ్చిన ప్రచురణ కూడా చెల్లుతుంది.

ఒక మాట చెప్పక తప్పదు. ‘కొత్త జాతి’ అనుకున్నవాటిలో ఎక్కువ భాగం పరిశీలన ముగిసేసరికి తెలిసిన జాతులే అని తేలుతాయి, అందులో నిరాశ పడవలసింది లేదు. తెలిసిన జాతే అయినా ఈ జిల్లాలో మొదటిసారి కనిపించడం, ఎన్నో దశాబ్దాల తరువాత మళ్లీ కనిపించడం సంరక్షణకు కొత్త పేరు కంటే ఎక్కువ ఉపయోగపడవచ్చు. 1919లో జోగ్ జలపాతం దగ్గర సేకరించిన హుబార్డియా హెప్టాన్యూరాన్ అనే గడ్డిజాతి, ఇక లేదని అందరూ అనుకున్నాక, సహ్యాద్రిలోనే తిల్లారి ప్రాంతంలో దొరికింది. గడ్డి కూడా పుష్పించే మొక్కే కాబట్టి మన లెక్కలోకి వస్తుంది.

మన ప్రాంతంలో ఈ మొక్కలు ఎందుకు తగ్గిపోతున్నాయి?

ఒక్కో మొక్కకు ఒక్కో కారణం ఉంటుంది, అన్నింటికీ కలిపి ‘అడవుల నరికివేత’ అని రాయడం వల్ల ఎవరూ ఏమీ చేయలేని పరిస్థితి వస్తుంది. బండ మీద పెరిగే గుల్మాలకు పెద్ద ముప్పు గ్రానైట్ క్వారీ. కరీంనగర్, వరంగల్ వైపు ఒక గుట్టను తొలిచి తీసుకుపోయాక దాని మీది నీటి గుంటలూ, పలచని మట్టీ, అందులోని విత్తనాలూ ఏ మొక్కలు నాటినా తిరిగి రావు. నేల మొక్కలకు అగ్గి ముప్పు. తునికాకు బాగా చిగురిస్తుందనీ, ఇప్పపూలు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉంటుందనీ ఎండాకాలం మొదట్లో పెట్టే నిప్పు దుంప మొక్కలకు కొంత వరకు తట్టుకోగలిగినదే అయినా, ఏటా అదే చోట పెడితే విత్తనం నుంచి మొలిచిన లేత మొక్క ఒక్కటీ మిగలదు. అప్పుడు ముసలి దుంపలు ఉంటాయి, తరువాతి తరం ఉండదు. బయటికి అంతా బాగున్నట్లే కనిపిస్తుంది కాబట్టి ఇది ప్రమాదకరమైన స్థితి.

మందు మొక్కల సంగతి వేరు. ఆకు, పువ్వు, కాయ కోసుకుంటే మొక్క బతుకుతుంది. వేరు, దుంప, బెరడు తీస్తే పోతుంది. దశమూలాలలో ఒకటైన దుండిలం, అంటే పంపెన చెట్టు, వేరు బెరడు కోసం బలవుతోంది. రాత్రి విప్పుకొనే దాని పెద్ద పూలకు గబ్బిలాలే పరాగసంపర్కం జరుపుతాయి కాబట్టి, చెట్లు దూరదూరంగా మిగిలిపోయి, గబ్బిలాలు ఉండే గుహలూ పాత కట్టడాలూ చెదిరితే, ఉన్న చెట్టు కూడా కాయదు. అగరుబత్తీల తయారీకి వాడే జిగురు పొడి కోసం నరమామిడి బెరడును చుట్టూ ఒలిచివేయడం, తపసి బంక కోసం గొడ్డలితో లోతుగా నరకడం కూడా ఇటువంటివే. తపసి విషయంలో మాత్రం ఊరట కలిగించే మాట ఒకటి ఉంది: చిన్న కోత పెట్టి, గాయం మానడానికి వ్యవధి ఇచ్చి గీసే పద్ధతిలో బంకా వస్తుంది, చెట్టూ బతుకుతుంది.

వీటికి తోడు లాంటానా, వయ్యారిభామ, మహావీర తులసి వంటి పరాయి మొక్కలు అడవి అంచుల్లో, దారుల వెంట నేలను కప్పేస్తున్నాయి. చెట్లు నాటే ఉత్సాహంలో సహజంగానే గడ్డి నేలగా ఉన్న గుట్ట వాలును ‘ఖాళీ జాగా’ అనుకొని గుంతలు తవ్వడం కూడా నా దృష్టిలో ముప్పే. అక్కడ చెట్టు లేకపోవడం లోటు కాదు, అదే ఆ నేల స్వభావం.

జాతి ఒక్క చోటే మిగిలి ఉంటే ఈ కారణాలేవీ లేకపోయినా, అది పోవడానికి ఒక్క విపత్తు చాలు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో వీచిన సుడిగాలికి గంటల వ్యవధిలో వేల చెట్లు కూలాయి. ఆ మేరలో మాత్రమే ఉండే మొక్క ఏదైనా ఉండి ఉంటే దాని కథ ఆ సాయంత్రంతోనే ముగిసేది.

బతుకమ్మకు తెచ్చే పూల వల్ల అరుదైన మొక్కలకు నష్టం జరుగుతోందా?

లేదు. తంగేడు బంజరు నేలల్లో గట్టిగా పెరిగే పొద, కొమ్మలు తెంపినా మళ్లీ చిగురిస్తుంది. గునుగు చెలకల్లో కలుపుగా మొలిచేది. ఊళ్ల చుట్టూ గునుగు తగ్గిందని ఆడబిడ్డలు అంటున్నారంటే అందుకు కారణం పండుగ కాదు, కలుపు మందులూ, ఇళ్ల ప్లాట్లుగా మారిన బీళ్లూ. తంగేడును వేరుతో పీకకుండా, కొన్ని పూలు కాయకు వదిలి కోసుకుంటే చాలు.

నిర్మల్ బొమ్మల పొనికి చెట్టు నిజంగా కనుమరుగవుతోందా? దానిని నాటడం ఎందుకు కష్టం?

పొనికి తేలికైన, మెత్తని కర్ర గల చెట్టు. శాస్త్రీయ నామం గివోషియా మొలుక్కానా. చెక్కడానికి వీలుగా ఉండటం, ఎండాక వంకర పోకపోవడం వల్ల నిర్మల్ కళాకారులు తరతరాలుగా దీనినే వాడుతున్నారు. ఒకప్పుడు దగ్గరి అడవిలోనే దొరికిన కర్ర కోసం ఇప్పుడు దూరం పోవలసి వస్తోందన్నది ఆ వృత్తిలో ఉన్నవారందరి మాట. ఇది ఈ భూమి మీద నుంచి అంతరించిపోయే దశలో ఉందని చెప్పడం సరికాదు, దక్కన్‌లో ఇతర చోట్ల కూడా ఉంది. కానీ ఒక ప్రాంతంలో ఒక చెట్టు తగ్గితే దానితో ముడిపడిన బతుకుదెరువు ఎలా ఇరకాటంలో పడుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దగ్గర లేదు.

నాటడంలో ఇబ్బంది విత్తనం దగ్గర మొదలవుతుంది. గింజ పైపెంకు గట్టిగా ఉండి నీటిని లోపలికి రానివ్వదు, అందువల్ల నర్సరీలో వంద గింజలు వేస్తే మొలిచేవి చాలా తక్కువ. పెంకును జాగ్రత్తగా పగలగొట్టడం, గరుకు చేయడం, నానబెట్టడం వంటి పద్ధతులు మొలకను పెంచుతాయి, కానీ లోపలి పప్పు దెబ్బతినకుండా చేయడానికి చేతి నేర్పు కావాలి. కర్ర కోసం పెరిగిన చెట్టునే నరుకుతారు కాబట్టి, గింజ ఇచ్చే చెట్లు ముందుగా పోతాయి. అందుచేత ప్రతి దండులోనూ, అంటే ఒకచోట పెరిగే గుంపులోనూ, బాగా కాసే కొన్ని చెట్లను గుర్తించి, వాటిని కళాకారులతో మాట్లాడే కోతకు మినహాయించడం నాటడం కంటే ముందు జరగవలసిన పని అని నా అభిప్రాయం.

అరుదైన మొక్కను తెచ్చి ఇంటి పెరట్లోనో, కాలేజీ తోటలోనో పెంచితే కాపాడినట్లే కదా?

కాదు. తోటలో ఒక మొక్క బతికి ఉండటం వేరు, ఒక జాతి బతికి ఉండటం వేరు. జాతికి రకరకాల జన్యువులు గల అనేక మొక్కలు, వాటి పరాగసంపర్క జీవులు, విత్తనాన్ని మోసే జీవులు, మొలకకు తగిన నేల, అన్నీ కావాలి. ఆర్కిడ్ విత్తనం దుమ్ము రేణువంత ఉండి, తనలో ఆహారం నిల్వ లేక, నేలలోనో బెరడు మీదనో ఉండే ఒక శిలీంధ్రం సాయంతోనే మొలుస్తుంది. ఇప్ప కొమ్మల మీద పెరిగే వాండా టెస్సెల్లాటాను తెచ్చి కుండీలో పెడితే అది కొన్నాళ్లు పూయవచ్చు, కానీ దాని విత్తనం ఆ కుండీ చుట్టూ మొలవదు. పైగా అడవిలో ఆ కొమ్మ ఖాళీ అయింది.

అయితే పెంపకానికి తన చోటు తనకు ఉంది. అడవిలోని దండు నాశనం కావడం ఖాయమైనప్పుడు, లేదా మందు వ్యాపారానికి అడవి మీద ఒత్తిడి తగ్గించవలసినప్పుడు, విత్తనం నుంచి పెంచడం మంచి మార్గం. ఎండబెట్టి 5 శాతం తేమకు తెచ్చి సున్నాకు దిగువన 18 లేదా 20 డిగ్రీల దగ్గర ఉంచితే చాలా జాతుల విత్తనాలు దశాబ్దాల పాటు మొలకశక్తిని నిలుపుకుంటాయి. ఎండబెడితే చచ్చిపోయే విత్తనాలూ ఉన్నాయి, వాటిని తోటలోనో టిష్యూ కల్చర్‌లోనో నిలపాలి. ఏది చేసినా ఒకే చెట్టు నుంచి కాక, దూరదూరంగా ఉన్న అనేక మొక్కల నుంచి కొద్దికొద్దిగా విత్తనం తీసుకోవాలి, ఏ విత్తనం ఎక్కడిదో రాసిపెట్టాలి.

చట్టం ఈ మొక్కలకు ఎంతవరకు రక్షణ ఇస్తుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాల లోపలి మొక్కలన్నింటికీ రక్షణ ఇస్తుంది. వాటి బయట మాత్రం జాబితాలో పేర్కొన్న కొద్ది జాతులకే వర్తిస్తుంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో ఆర్కిడ్‌లన్నీ, సర్పగంధి, జిట్రేగి, ఎర్రచందనం ఉన్నాయి. కానీ అది దేశం దాటే సరుకుకు సంబంధించినది, ఊరి సంతలో అమ్మే వేరును ఆపదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఎక్కువ పనికివస్తుంది: అంతరించే దశలో ఉన్న జాతులను ప్రకటించి వాటి సేకరణను నియంత్రించడానికీ, ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించడానికీ అందులో వీలుంది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువు 2016లో ఆ హోదా పొందింది. ఉత్తర తెలంగాణలో ఒక రాతి గుట్టకో, ఒక శిఖం భూమికో ఇటువంటి హోదా అడగడానికి అడ్డేమీ లేదు. అడిగేవారి చేతిలో సక్రమమైన మొక్కల జాబితా ఉండాలి.

మా ఊరిలో మేం ఏం చేయవచ్చు?

గ్రామ పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు నిర్వహించాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరు ఏదో ఒక ఊరి జాబితాను నకలు తీసినట్లు ఉంటుంది. దానిని తెరిపించి, ఊరి పెద్దలతో, గొర్ల కాపరులతో, వైద్యం తెలిసినవారితో కూర్చొని, ఏ మొక్క ఏ గుట్ట మీద, ఏ కార్తెలో, ఇంతకుముందు ఎంత, ఇప్పుడు ఎంత అన్నది నిజంగా రాయించడం ఒక పెద్ద పని. మందు రహస్యం చెప్పడానికి ఇష్టపడనివారిని బలవంతం చేయవద్దు. మొక్క ఉన్నదని రాస్తే చాలు, దేనికి వాడతారో రాయనవసరం లేదు.

దొరికిన చోటును సోషల్ మీడియాలో పెట్టవచ్చా?

ఫొటో పెట్టండి, చోటు పెట్టవద్దు. జిల్లా పేరు వరకు చాలు. ఫొటోలో జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి కాబట్టి వాటిని తీసివేసి పెట్టాలి. దుంపలు కొనేవారు, ఆర్కిడ్‌లు అమ్మేవారు కూడా మన గుంపుల్లోనే ఉంటారు. ఖచ్చితమైన స్థానాన్ని హెర్బేరియం రికార్డులోనూ, అటవీ రేంజ్ అధికారికీ ఇస్తే సరిపోతుంది.

ఒక అరుదైన మొక్క ఉన్న చోటును ఏటా గమనించాలంటే లెక్క ఎలా పెట్టాలి?

విద్యార్థులు చేయగల పనుల్లో ఇదే అన్నింటికంటే విలువైనది, ఖర్చు దాదాపు లేనిది. ఆ దండు చుట్టూ శాశ్వతంగా ఉండే రెండు మూడు గుర్తులు ఎంచుకోవాలి, బండ మీది పగులు, పెద్ద చెట్టు వంటివి. మొక్క కాండానికి దారమో తీగో కట్టరాదు. లోపల మొలకలు, పూయని మొక్కలు, పూసినవి, కాసినవి అని నాలుగు వరుసల్లో విడివిడిగా లెక్క పెట్టాలి. మొత్తం సంఖ్య ఒక్కటే రాస్తే మొలకలు రావడం లేదన్న సంగతి ఎప్పటికీ బయటపడదు. ఏటా తేదీని కాక వానను బట్టి వెళ్లాలి, అంటే మొదటి మంచి వాన పడిన ఇన్ని వారాలకు అని ఒక లెక్క పెట్టుకొని దానినే పాటించాలి. అగ్గి జాడలు, తవ్విన గుంతలు, పశువుల మేత, పరాయి మొక్కలు ఎంత లోపలికి వచ్చాయన్నది అదే కాగితం మీద రాయాలి. ఒక్క మొక్కా కనిపించని ఏడాది ‘సున్నా’ అని తేదీతో సహా రాయాలి, కాగితం ఖాళీగా వదిలేయకూడదు. దుంప మొక్క వానలు సరిగా లేని ఏడాది నేలలోనే ఉండిపోవచ్చు కాబట్టి, వరుసగా కొన్ని వానాకాలాలు చూడనిదే అది పోయిందని నిర్ధారించకూడదు. బ్యాచ్ మారినప్పుడు ఈ కాగితాలు పాత విద్యార్థుల ఫోన్‌లతో పాటు వెళ్లిపోవడం తరచుగా జరుగుతోంది కాబట్టి, ఒక ప్రతిని విభాగం హెర్బేరియంలోనూ, మరొక ప్రతిని రేంజ్ కార్యాలయంలోనూ ఏటా జమ చేయాలి.